ఆత్మహత్యల నివారణలో ఆసుపత్రులకు శిక్షణ

వార్తాపత్రికల జిల్లా పుటలలో తరచుగా ఒక చిన్న వార్త కానవచ్చుచుండును. ఫలానా గ్రామమున ఫలానా వ్యక్తి కడుపునొప్పి భరింపలేక ఆత్మహత్య చేసికొనెనని నాలుగు పంక్తులలో వ్రాయుదురు. చదివినవారు నిట్టూర్పు విడిచి పుట త్రిప్పుదురు. మేమును చాలకాలము అట్లే చేసితిమి. కాని ఆ నాలుగు పంక్తులలో అడుగవలసిన ప్రశ్న యొకటి దాగియున్నది. కడుపునొప్పితో నెలల తరబడి బాధపడిన మనిషి వైద్యుని చూడకుండునా? చూచియే యుండును. మొదట ఊరిలోని ఆర్.ఎం.పి. వద్దకు, పిదప ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు, ఆపైని అప్పుచేసి పట్టణములోని పెద్ద ఆసుపత్రికి పోయియుండును. మాత్రలు, సూదిమందులు, స్కానింగులు అన్నియు జరిగియుండును. ఇంతమందిలో ఒక్కరైనను ఆ మనిషి ముఖములోనికి చూచి, "రాత్రి నిద్ర పడుతున్నదా? బతుకు మీద విసుగు పుడుతున్నదా?" అని యడిగిరా?

అడిగియుండరు. అడుగవలెనని వారికెవరును నేర్పియుండరు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఈ నేర్పును గురించియే.

ఒక మరణమునకు ఒకే కారణముండదని ముందుగా చెప్పవలెను. అప్పు, కలహము, రోగము, మద్యము, అవమానము పెనవేసికొని మనిషిని క్రుంగదీయును. పోలీసు కాగితములో వ్రాసినది ఆ పెనలోని ఒక పోగు మాత్రమే. అయినను ఆ కాగితములను కూడి చూచినచో కొంత తెలియును. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 1,70,924 మంది ఆత్మహత్య చేసికొనిరి. కారణముల పద్దులలో కుటుంబ సమస్యలు మొదటిది కాగా, అనారోగ్యము రెండవది. నూటికి 18 మందికి పైగా ఆ పద్దులోనివారే. ఆత్మహత్య యనగానే అప్పులపాలైన రైతు మన తలపునకు వచ్చును. ఆ దుఃఖము నిజమైనదే. కాని ఆ యేటి లెక్కలో రైతులు, వ్యవసాయ కూలీలు కలిసి 11,290 మంది. ఇతర దినకూలీలు నూటికి 26 మంది. గృహిణులు నూటికి సుమారు 15 మంది. కావున ఏ ఒక్క వర్గము మీదనో దృష్టి నిలిపి తక్కినవారిని మరచుట తగదు. వీరందరును ఏదో యొకనాడు ఏదో యొక ఆసుపత్రి గడప త్రొక్కినవారే.

ఈ గడప మాట ఊహ కాదు. పలుదేశములలో జరిగిన నలువది పరిశీలనలను ఒకచోట చేర్చి 2002లో అమెరికాలో ఒక సమీక్ష ప్రకటింపబడినది. ఆత్మహత్య చేసికొన్నవారిలో నూటికి సుమారు 45 మంది తమ మరణమునకు ముందటి నెలరోజులలోనే సాధారణ వైద్యుని కలిసియుండిరని అందు తేలినది. మనోవ్యాధి వైద్యుని ఆ నెలలో కలిసినవారు వీరిలో సగమైనను లేరు. అనగా ప్రాణమును నిలుపగల అవకాశము పిచ్చాసుపత్రి యని జనులు భయపడు చోట గాక, జ్వరములకును నొప్పులకును మందులిచ్చు సామాన్యమైన ఆసుపత్రిలోనే యెక్కువగా నున్నదని అర్థము.

అయినప్పుడు వైద్యులు ఏల అడుగరు? వారిని నిందించుట సులభము. కాని న్యాయము కాదు. ఉదయము రెండు మూడు గంటలలో నూరుమంది రోగులను చూడవలసిన వైద్యుడు నొప్పి ఎక్కడనో అడుగగలడేకాని నొప్పి వెనుకనున్న బ్రతుకును అడుగలేడు. అంతకన్న పెద్ద ఆటంకము ఒక అపోహ. చావు మాట యెత్తినచో రోగికి లేని ఆలోచన పుట్టునేమోయని వైద్యులు, నర్సులు సైతము జంకుదురు. ఇది నిజము కాదని పెక్కు పరిశోధనలు తేల్చినవి. నెమ్మదిగా, సూటిగా అడిగినచో ఆ ఆలోచన క్రొత్తగా పుట్టదు. ఉన్నవాడు గుండె దిగులు వెడలగ్రక్కి కొంత తేలికపడును. ఈ ఒక్క సంగతి వైద్యసిబ్బంది మనసునకు ఎక్కించుటయే శిక్షణలో మొదటి పాఠము.

డెట్రాయిట్ నగరపు ప్రయత్నము

ఒక వైద్యునికో నర్సుకో గాక, ఆసుపత్రి మొత్తమునకు ఇట్టి శిక్షణ నిచ్చిన ప్రయత్నములలో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున హెన్రీ ఫోర్డ్ ఆరోగ్య సంస్థవారు చేసినది పేరుపొందినది. 2001లో ఆ సంస్థ మానసిక వైద్య విభాగము వారు తమ పనిని పునఃపరిశీలించుకొనిరి. క్రుంగుబాటుతో తమ వద్దకు వచ్చు రోగులలో ఏటా కొందరు ఆత్మహత్య చేసికొనుట తప్పనిదని అంతవరకు అందరును అనుకొనుచుండిరి. "ఎంతమంది పోయినచో సరియగును?" అను ప్రశ్న వచ్చినప్పుడు, ఒక్కరును పోరాదనుట తప్ప వేరు జవాబు వారికి తోచలేదు. సున్నయే గురిగా పెట్టుకొనిరి.

ఆ గురి వలన పని తీరు మారినది. ఇంతకు ముందు ప్రమాదము వైద్యుని బుద్ధికి తట్టినప్పుడే అడుగుచుండిరి. ఇప్పుడు ప్రతి రోగిని అడుగుట నియమమైనది. చికిత్సకు వారముల తరబడి వేచియుండ నక్కరలేకుండ ఆ రోజుననే చూచు ఏర్పాటు చేసిరి. ఆలోచనాధోరణిని మార్చు సంభాషణా చికిత్సను సిబ్బందికి నేర్పిరి. ఇంటిలో ఆయుధముండినచో దానిని తొలగింపుడని కుటుంబమునకు చెప్పుట చికిత్సలో భాగమైనది. అన్నిటికన్న మాకు నచ్చినది మరియొకటి. ఎవరైన రోగి మరణించినప్పుడు తప్పు ఎవరిదని వెదకుట మాని, తమ ఏర్పాటులో ఏ బొక్కగుండ ఆ మనిషి జారిపోయెనని వెదకుట వారు అలవాటు చేసికొనిరి. తప్పు మీద వేయుదురను భయముండినచో సిబ్బంది దాచుదురు; దాచినచో సంస్థ నేర్చుకొనదు.

ఫలితమేమనగా, ఆ విభాగపు రోగులలో లక్షకు 89గా నున్న వార్షిక ఆత్మహత్యల సంఖ్య తరువాతి సంవత్సరములలో సుమారు 22కు దిగినది. 2009లో ఒక్క ఆత్మహత్యయు జరుగలేదు. దీనికి పోలికగా వేరొక ఆసుపత్రిని నిలిపి చూచిన పరీక్ష కాదిది. కావున ప్రతి గుణమును ఆ శిక్షణకే కట్టబెట్టుట తొందరపాటగును. అయినను ఈ పద్ధతి "జీరో సూయిసైడ్" అను పేర అమెరికాలోని అనేక ఆరోగ్య సంస్థలకు వ్యాపించినది. ఒక్కొక్క సంస్థ తన అధికారులను, వైద్యులను, నర్సులను, రికార్డులు వ్రాయువారిని ఒక జట్టుగా పంపి శిక్షణ పొందునట్లు ఏర్పాటులు జరిగినవి. జట్టుగా అని యనుటలో అర్థమున్నది. వైద్యుడొక్కడు నేర్చుకొని వచ్చి, చీటీలు వ్రాయు గుమాస్తా ఆ రోగిని కసరి పంపినచో నేర్చినదంతయు వాకిటనే పోవును.

గాట్లాండ్ ద్వీపము నేర్పిన పాఠము

డెట్రాయిట్ మహానగరము, ధనబలము గల సంస్థ. పల్లెలతో నిండిన ప్రాంతమున ఏమి జరుగునని మీరడుగవచ్చును. స్వీడను దేశమునకు చెందిన గాట్లాండ్ అను ద్వీపమున 1983, 1984 సంవత్సరములలో జరిగినది ఇచ్చట చెప్పదగినది. ఆ ద్వీప జనాభా అప్పుడు సుమారు 56,000. మన మండలమొకటి యంత. అచ్చటి సాధారణ వైద్యులందరికిని క్రుంగుబాటును గుర్తించుట, దానికి మందులిచ్చుట నేర్పిరి. 1985 నాటికి ఆత్మహత్యలు గణనీయముగా తగ్గినవి. అందరును సంతోషించిరి.

మూడేండ్లు గడచుసరికి సంఖ్య మరల పెరిగినది. కారణమేమని చూడగా, శిక్షణ పొందిన వైద్యులలో సుమారు సగము మంది ద్వీపము విడిచి పోయియుండిరి. వచ్చిన క్రొత్తవారికి ఎవరును నేర్పలేదు. మరియొకటి కూడ బయటపడినది. తగ్గినది ముఖ్యముగా స్త్రీల మరణములే. పురుషులు వైద్యుని వద్దకే రాకుండిరి కనుక వైద్యుని నేర్పు వారికి అందలేదు. ఈ రెండు సంగతులును మన గ్రామములకు అద్దము పట్టినట్లుండును. బదిలీలు మనకును కలవు. డాక్టరు వద్దకు పోక సారా దుకాణమునకు పోవు మగవారు మనకును కలరు.

మన గోదావరి జిల్లాలో

ఈ లోటు తీర్చుటకు వైద్యునితో పాటు, ఇంటింటికి పోవు మనిషి కూడ కావలెను. మన దేశమున ఆ మనిషి ఆశా కార్యకర్త. ఆమెకు శిక్షణ ఇచ్చి చూచిన ప్రయత్నము దూరదేశమున గాక ఆంధ్రప్రదేశములోని పశ్చిమ గోదావరి జిల్లాలోనే జరిగినది. 2022 విభజనకు పూర్వపు జిల్లా యని గ్రహింపవలెను. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అను పరిశోధన సంస్థవారు మొదట అచ్చటి కొన్ని గ్రామములలో చేసి చూచి, పిదప ఆ జిల్లాలోను హర్యానాలోని రెండు జిల్లాలలోను కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో పెద్ద పరీక్షగా నడపిరి. కొన్ని కేంద్రములలో క్రొత్త ఏర్పాటు. తక్కినవానిలో మామూలు వైద్యము.

క్రొత్త ఏర్పాటు ఇట్లుండెను. ఆశా కార్యకర్త చేతికి ఒక చిన్న ట్యాబ్లెట్ పరికరమిచ్చిరి. దానిలో ప్రశ్నలు తెలుగులో నుండెను. రెండు వారములుగా దేనియందును ఆసక్తి లేకుండుట, నిద్ర పట్టకుండుట, తాను దేనికిని పనికిరాననిపించుట, చచ్చిపోయిన బాగుండుననిపించుట వంటివి వరుసగా అడుగవలెను. జవాబులను బట్టి ప్రమాదమున్నవారిని ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపించును. అతడును శిక్షణ పొందినవాడే. ఎప్పుడు మందు, ఎప్పుడు మాట, ఎప్పుడు మనోవ్యాధి నిపుణుని వద్దకు పంపుట యను క్రమము అతని పరికరములో నుండెను. తరువాత ఆమె మరల ఆ ఇంటికి పోయి, మందులు వేసికొనుచున్నారా, ఎట్లున్నారని విచారించును. ఈ వ్యాధుల యెడ గ్రామములలో నున్న సిగ్గును పోగొట్టుటకు నాటకము, చలనచిత్రము మొదలగువానిని కూడ ఉపయోగించిరి.

2024లో ప్రకటించిన ఫలితములను బట్టి, మొదట ప్రమాదపు గీటు దాటినవారిలో పండ్రెండు నెలలు గడచునప్పటికి క్రొత్త ఏర్పాటు గల చోట నూటికి సుమారు 75 మంది కోలుకొనిరి; మామూలు వైద్యము గల చోట సుమారు 51 మంది. ఏమియు ప్రత్యేకముగా చేయకున్నను సగము మంది కాలక్రమమున కోలుకొందురని దీనివలన తేలుచున్నది. మిగిలిన సగములో మరల సగము మందిని లేవనెత్తుట ఒక ఆశా కార్యకర్తకును ఒక సామాన్య వైద్యునికిని సాధ్యమైనది. ఈ పరీక్ష క్రుంగుబాటును, దానితోడి ప్రమాదమును కొలిచినదేకాని మరణములను లెక్కించినది కాదు. అంతమాత్రమున దీని విలువ తగ్గదు. పట్టణమునుండి మనోవ్యాధి నిపుణుడు వచ్చువరకు గ్రామములు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదని ఇది చూపినది.

వైద్యుని యెదుట కూర్చున్నప్పుడు

ప్రమాదమున్నదని తెలిసినంతనే పెద్దాసుపత్రికి పంపివేయుట చికిత్స కాదు. శిక్షణ పొందినవారు మొదట చేయునది రోగితో కలిసి ఒక రక్షణ ప్రణాళిక వ్రాయుట. అమెరికాలో స్టాన్లీ, బ్రౌన్ అను ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు రూపొందించిన ఈ పద్ధతికి కాగితము, కలము తప్ప మరేమియు అక్కరలేదు. వ్రాయరానివాడైనచో బొమ్మలు గీయవచ్చును, లేదా నోటితో చెప్పించి ఇంటివారిలో ఒకరిచేత వ్రాయింపవచ్చును.

ఆ చెడు ఆలోచన ముంచుకొని వచ్చుటకు ముందు తనకేమి జరుగునో రోగియే చెప్పవలెను. ఒకనికి రెండు రాత్రులు నిద్ర లేకుండుట గుర్తు; ఒకతెకు అన్నము చేదగుట గుర్తు; మరియొకడు త్రాగుట మొదలుపెట్టిననాడే అది వచ్చును. ఆ గుర్తు కనబడినంతనే తానొక్కడే చేయగల పని యేది? గుడికో చెరువుగట్టుకో నడచుట కావచ్చును, పశువులను కడుగుట కావచ్చును. అది చాలనిచో ఎవరి వద్ద కూర్చుండిన మనసు మళ్లును? ఎవరితో ఈ మాట విప్పి చెప్పగలడు? వారి పేర్లు, టెలిఫోను నంబర్లు. పిమ్మట ఆరోగ్య కేంద్రపు నంబరు. చిట్టచివర, అన్నిటికన్న ముఖ్యమైనది: ప్రమాదకరమైన వస్తువు ఇంటిలో ఎక్కడ నున్నది, దానిని ఎవరు తీసికొని పోయి ఎక్కడ నుంచెదరు?

మన గ్రామములలో ఈ చివరి ప్రశ్న పురుగుమందుల ప్రశ్న. ఆ తలంపు పెక్కుమందిలో కొద్ది నిమిషములో కొద్ది గంటలో మాత్రమే తీవ్రముగా నుండి తగ్గును. ఆ వ్యవధిలో చేతికందు దూరమున ఏమున్నదనుదాని మీద ప్రాణము ఆధారపడును. తమిళనాడులోని కడలూరు జిల్లాలో రెండు గ్రామములలో, పురుగుమందులను ఇండ్లలో నుంచక ఊరికంతటికి ఒకచోట తాళపు అరలలో భద్రపరచు ఏర్పాటు చేసి చూడగా ఫలితము ఆశాజనకముగా నుండెను. కాని శ్రీలంకలో 180 గ్రామములలో ఇంటింటికి తాళపుపెట్టెలు పంచి చూడగా ప్రయోజనము కనబడలేదని 2017లో తేలినది. ఇంటిలోని పెట్టె తాళపుచెవి ఇంటిలోనే యుండును గదా! ఆ శ్రీలంకలోనే మిక్కిలి విషపూరితమైన మందులను ప్రభుత్వము నిషేధించుచు వచ్చుటచే 1995 తరువాత ఆత్మహత్యలు బాగుగా తగ్గినవి. పెట్టెలు పంచి ఊరకున్న చాలదనుటకు దీనిని చెప్పితిమి. ప్రమాదమున్న ఇంటిని ఎరిగిన ఆరోగ్య కార్యకర్త, "ఆ డబ్బా పంట అయ్యేదాకా మీ అన్నగారి పొలంలో గదిలో పెట్టండి" అని పేరు పెట్టి చెప్పినప్పుడే అది ఫలించును.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో, అత్యవసర విభాగమునకు వచ్చినవారికి ఈ ప్రణాళిక వ్రాసియిచ్చి, ఇంటికి పోయిన తరువాత టెలిఫోనులో పలుకరించుచు వచ్చిరి. ఆరు నెలలలో ఆత్మహత్యా చేష్టలు మామూలు వైద్యము పొందినవారికన్న నూటికి 45 వంతులు తక్కువగా నుండెనని 2018లో ప్రకటించిరి.

వాకిలి దాటిన తరువాత

టెలిఫోనులో పలుకరించుటయా, అదియు ఒక వైద్యమా యని నవ్వువారుందురు. మేమును మొదట సందేహించితిమి. కాని ఈ విషయమున అన్నిటికన్న గట్టి సాక్ష్యము ఇదియే.

ఆత్మహత్యకు ప్రయత్నించి బ్రతికిన మనిషికి మన వద్ద సాధారణముగా జరుగునది మీరెరుగుదురు. 108 వాహనములో తీసికొని పోవుదురు. ఆసుపత్రిలో కడుపు శుభ్రపరచి, విరుగుడు నిచ్చి, నాలుగైదు దినములు రాత్రింబవళ్లు కష్టపడి ప్రాణము నిలుపుదురు. ఈ పనిలో మన నర్సులు, డాక్టర్లు చూపు నేర్పు సామాన్యమైనది కాదు. ఆరవనాడు చీటీ వ్రాసి ఇంటికి పంపుదురు. ఆ చీటీలో మాత్రల పేర్లుండును. ఆ మనిషి ఎందులకు అచ్చటికి వచ్చెనో దాని మాట యుండదు. ఇంటికి వచ్చిన తరువాత చుట్టములు బుద్ధులు చెప్పుదురు, ఇరుగుపొరుగులు గుసగుసలాడుదురు. వారము గడచుసరికి ఎవరి పనులు వారివి. ఒకసారి ప్రయత్నించినవారికి మరల ప్రయత్నించు ప్రమాదము తక్కినవారికన్న మిక్కుటము. అందులోను ఆసుపత్రి నుండి వచ్చిన తొలి వారములు, తొలి నెలలు గండము వంటివి. సరిగా ఆ కాలముననే ఆ మనిషిని అందరును విడిచిపెట్టుచున్నాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఐదు దేశములలో ఐదు చోట్ల దీనిని పరీక్షించిరి. అందు మన చెన్నై యొకటి. శ్రీలంకలోని కొలంబో, చైనాలోని యున్‌చెంగ్, ఇరానులోని కరజ్, బ్రెజిలులోని కంపీనాస్ తక్కినవి. ఆత్మహత్యకు ప్రయత్నించి అత్యవసర విభాగములకు వచ్చిన 1,867 మందిని తీసికొనిరి. సగము మందికి మామూలు వైద్యము. తక్కిన సగము మందితో, ఇంటికి పంపుటకు ముందు, ఒక గంటసేపు కూర్చుండి మాటలాడిరి. ఆ బాధ ఎందువలన వచ్చును, మరల వచ్చినచో ఏమి చేయవలెను, ఎవరిని కలియవలెనని చెప్పిరి. ఆ తరువాత తొమ్మిదిసార్లు టెలిఫోనులోగాని ఇంటికి పోయిగాని పలుకరించిరి: 1, 2, 4, 7, 11వ వారములలోను, 4, 6, 12, 18వ నెలలలోను. పలుకరించినవారు డాక్టరో, నర్సో, మనస్తత్వ నిపుణులో. అంతకు మించి ఏమియు లేదు. పదునెనిమిది నెలలు గడచునప్పటికి మామూలు వైద్యము పొందినవారిలో 18 మంది ఆత్మహత్యచే మరణించిరి. పలుకరింపు పొందినవారిలో ఇద్దరు.

పదునెనిమిదికిని రెంటికిని గల భేదము గొప్ప మందు వలన వచ్చినది కాదు. ఒక డైరీలో తేదీలు వ్రాసికొని, ఆ తేదీన మరువక పోయి "ఎట్లా ఉన్నావు?" అని అడిగిన మనిషి వలన వచ్చినది. మరువక పోవుటకే శిక్షణ కావలెను. నియమము లేనిచో మొదటి వారము పోయినవారు ఏడవ వారమున పోరు.

పంచాయతీకి గల పని

చట్టము మారినదను సంగతి చాలమంది గ్రామపెద్దలకు ఇంకను తెలియదు. ఆత్మహత్యాప్రయత్నము నేరమను భయముచే విషము త్రాగినవారిని ఆలస్యముగా తెచ్చుట, పొరపాటున త్రాగెనని డాక్టరుతో చెప్పుట జరుగుచున్నది. పొరపాటని వ్రాసినచో ఆ మనిషిని ఎవరును అడుగరు. తొమ్మిది పలుకరింపులును ఉండవు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. దాని 115వ సెక్షను ప్రకారము ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి, వేరుగా రుజువైననే తప్ప, తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నుండెనని భావింపవలెను. అతనిని విచారించి శిక్షింపరాదు. అతనికి చికిత్స, సంరక్షణ, పునరావాసము కల్పించుట ప్రభుత్వము విధి. 1860 నాటి శిక్షాస్మృతికి బదులుగా 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో, ప్రభుత్వోద్యోగిని విధినిర్వహణ నుండి ఆపుటకో, బలవంతపెట్టుటకో చేయు ప్రయత్నము తప్ప, ఆత్మహత్యాప్రయత్నము నేరముగా లేదు. ఆసుపత్రిలో పోలీసులకు తెలుపు కాగితము వ్రాయుదురు; దానిని చూచి భయపడ నక్కరలేదు. ఈ మాటను గ్రామసభలో ఒకసారి బిగ్గరగా చదివి చెప్పుట సర్పంచి చేయగల పని.

చేయరాని పనులును కలవు. బ్రతికి వచ్చిన మనిషిని రచ్చబండ వద్దకు పిలిపించి ఎందుకు చేసితివని అడుగుట, భార్యాభర్తల తగవు తీర్చు నెపమున పదిమంది యెదుట ఆ సంగతి తీయుట, ఇవి మంచి తలంపుతో చేసినను అపకారములే. మానసిక చికిత్స పొందుచున్నవారి వివరములు గోప్యముగా నుండవలెనని చట్టమే చెప్పుచున్నది. ఏ ఇంటికి ఆశా కార్యకర్త ఎందులకు పోవుచున్నదో వార్డు సభ్యునికి తెలిసినను తెలియనట్లుండుట మేలు.

2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వము జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహమును ప్రకటించినది. 2030 నాటికి ఆత్మహత్యా మరణములను నూటికి 10 వంతులు తగ్గింపవలెనని అందలి లక్ష్యము. ఢిల్లీలో వ్రాసిన కాగితము ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేరినదో లేదో చూచుటకు గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార కమిటీకి వీలున్నది. ఆ కమిటీలో పంచాయతీ సభ్యులు కలరు, ఆశా కార్యకర్త కలదు. ఇంతవరకు ఆ సమావేశములలో మురుగుకాలువలు, బ్లీచింగు పొడి మాత్రమే చర్చకు వచ్చుచున్నవి. వానితోపాటు ఈ ప్రశ్నలును మెడికల్ ఆఫీసరు ముందుంచవచ్చును. మా కేంద్రములో క్రుంగుబాటును గుర్తించు శిక్షణ ఎవరెవరు పొందిరి? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమపు వైద్యుడు ఏ దినమున అందుబాటులో నుండును? పెద్దాసుపత్రి నుండి ఇట్టి రోగి ఇంటికి వచ్చినప్పుడు ఆ కబురు మన ఏ.ఎన్.ఎం.కు చేరు దారి కలదా? చేరినచో మొదటి వారములోనే పోవువారెవరు? తెలంగాణములో పల్లె దవాఖానా వారినైనను, ఆంధ్రప్రదేశములో గ్రామ ఆరోగ్య క్లినిక్కు వారినైనను ఇవే ప్రశ్నలు అడుగవచ్చును. తగాదా స్వరముతో అడిగినచో జవాబు రాదు. ఆ వైద్యునికి ఉన్న ఒత్తిడిని కూడ మనసులో నుంచుకొని అడుగవలెను. శిక్షణకు పంపుటకు సిబ్బంది చాలరని అతడు చెప్పినచో, ఆ మాటను తీర్మానముగా వ్రాసి జిల్లా వైద్యాధికారికి పంపుట పంచాయతీ వంతు.

ఊరిలోని ఆర్.ఎం.పి.ని మరువరాదు. అతని చదువు గురించి వాదములుండవచ్చును. కాని కడుపునొప్పి రోగి మొదట పోవునది అతని వద్దకే. అతడు వైద్యము చేయనక్కరలేదు. ఎన్ని మాత్రలిచ్చినను తగ్గని నొప్పితో, దిగులుతో, నిద్రలేమితో మరల మరల వచ్చు మనిషిని ఆరోగ్య కేంద్రమునకు పంపుమని అతనితో చెప్పవచ్చును.

బదిలీల కాలమున మరియొక ప్రశ్న అడుగవలెను. శిక్షణ పొందిన నర్సుగాని మెడికల్ ఆఫీసరుగాని వెడలిపోయినచో, వచ్చినవారికి శిక్షణ ఎప్పుడు? పోయినవారి డైరీలోని తేదీలు ఎవరి చేతికి వచ్చినవి? గాట్లాండ్ ద్వీపమున అడుగక పోయినది ఈ ప్రశ్ననే.

డాక్టరు వద్దకు పోవుటకు వెనుదీయువారికి, ఈ వ్యాసము చదువుచున్నవారిలో అట్టి దిగులు గలవారెవరైన నున్నచో వారికిని, టెలీమానస్ అను ప్రభుత్వపు టెలిఫోను సహాయము 2022 అక్టోబరు 10 నుండి నడచుచున్నది. నంబరు 14416. పగలనక రాత్రియనక పలుకుదురు, తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడ మీద, రేషను దుకాణము వద్ద, పురుగుమందులమ్ము అంగడి వాకిట పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును.